గొంతులు తినే చిలక

ఇలా దగ్గరగా జరగండి పిల్లలూ, వెనకవాళ్ళకి కూడా వినపడాలి. అనగనగా ఒక రాజు. ఆయన పేరు మణిధరుడు. ఆయన ఏలే రాజ్యం మందరసీమ. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరకేతు, నడిమివాడు ధీరకేతు, చిన్నవాడు నవకేతు. మూడోవాణ్ణి కనీకనగానే తల్లి రాణి కన్నుమూసింది. చిన్నవాణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచింది దాది సోమమ్మ. నవకేతుకి అమ్మంటే సోమమ్మే.

రాణి పోయినప్పటినుంచీ రాజుకి సరిగా నిద్ర లేదు. వైద్యులు వచ్చారు, పోయారు. కషాయాలు వచ్చాయి, పోయాయి. ఆఖరికి ఒకరోజు జటిలుడనే మంత్రగాడు వచ్చాడు. పొడుగాటి మనిషి, మెత్తటి మాట.

"మహారాజా, మీ రాజ్యంలో దొంగతనానికి శిక్ష ఉంది, హత్యకి శిక్ష ఉంది. పక్కవాడి ప్రాణం తోడేసే చిన్న చిన్న పనులకి మాత్రం శిక్ష లేదు. ఆ విసుగంతా పోగై మీ కంటికి కునుకు లేకుండా చేస్తోంది. జనాన్ని అడగండి, ఏ పని నేరం కావాలో వాళ్ళే చెబుతారు" అన్నాడు.

"ముందు నా కొడుకుల్నే అడుగు" అన్నాడు రాజు.

"పులుసు జుర్రుమని తాగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. అది నేరం కావాలి" అన్నాడు శూరకేతు.

"బయల్దేరిన మనిషిని వెనక నుంచి ఎక్కడికని అడుగుతారు చూడండి, పని చెడగొట్టడానికే. అది నేరం కావాలి" అన్నాడు ధీరకేతు.

నవకేతు నవ్వేశాడు. "మా సోమమ్మ తెల్లారకుండానే తిరగలి దగ్గర కూచుని కూనిరాగం తీస్తుంది. నా నిద్ర పాడు. దాన్ని కూడా నేరం చేసెయ్యండి!" అన్నాడు వేళాకోళంగా. జటిలుడు మాత్రం నవ్వలేదు. తల పంకించాడు.

ఆ మూడూ నేరాలేనని మర్నాడు దండోరా వేశారు. జటిలుడు కోట బురుజు మీద నిలబడి చెయ్యెత్తి మంత్రం చదివాడు.

"ఈ నేల మీద పండిన మెతుకు తిన్నవాడు ఎవడైనా సరే, రాజైనా సరే, ఈ జటిలుడైనా సరే, నిషేధించిన పని చేస్తుండగా ఇంకొకడు చూసో, వినో 'నేరం!' అన్నాడంటే వాడి గొంతు పోవాలి!"

తనని కూడా కలుపుకున్నాడంటే ఎంత న్యాయమైనవాడో అని జనం మురిసిపోయారు. ఆ రాత్రి రాజు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. అది మంత్రగాడు పెట్టిన నిద్రేనని ఎవరికీ తట్టలేదు.

ఇక చూడండి, కోట ముందు జనం బారులు తీరారు. కాళ్ళు ఊపుతూ కూచోవడం నేరం కావాలని ఒకడు. గుమ్మంలో తల దువ్వుకోవడం నేరం కావాలని ఒకావిడ. నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా ఆవలించడం, మాట మధ్యలో ఊఁ కొట్టకపోవడం, ఊఁ ఊఁ అని మరీ ఎక్కువ కొట్టడం! అడిగినవాడికి అడిగిన ఆజ్ఞ. మొదట అందరికీ సంబరమే, ఎదుటివాడి పీడ వదిలిందని.

ఆ తరవాత భయం పట్టుకుంది. తను అడిగినట్టే పక్కింటివాడూ ఏదో అడిగి ఉంటాడు కదా, దేని గురించి అడిగాడో? కిటికీలు మూసుకున్నారు. మొగుడూ పెళ్ళాం ఎడమొహం పెడమొహంగా కూచుని అన్నం తినేవాళ్ళు, ఎవరు ఎవర్ని చూస్తారోనని. ఎక్కడో ఒకచోట "నేరం!" అని వినపడేది, వెంటనే ఒక గొంతు ఆగిపోయేది. అన్నదెవరో తెలిసేది కాదు. తెలియకపోయేసరికి అందర్నీ అనుమానించేవాళ్ళు.

ఒకరోజు తెల్లవారుజామున సోమమ్మ తిరగలి ముందు కూచుంది. చెయ్యి తిరుగుతుంటే పాట దానంతటదే వచ్చింది. గోడ అవతల నుంచి ఎవరో "నేరం!" అన్నారు. రాగం సగంలో తెగిపోయింది. నవకేతు పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ గొంతు పట్టుకుని నోరు తెరిచి మూస్తోంది. కళ్ళనించి నీళ్ళు కారుతున్నాయి తప్ప చప్పుడు లేదు.

నవకేతు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆ ఆజ్ఞ ఎవరు అడిగారో ఆవిడకి తెలియదు. అతనికి తెలుసు.

ఆ సాయంత్రం అతను పెరటితోటలో నడుస్తుంటే సోమమ్మ గొంతు వినపడింది. ప్రాణం లేచొచ్చి ఆ వైపు పరుగు తీశాడు. తీరా చూస్తే అది జటిలుడి విడిది. కిటికీ సందులోంచి చూశాడు. లోపల జటిలుడు పడమటి దిక్కుకి తిరిగి నిలబడి ఉన్నాడు. ఆడుతున్నది వాడి పెదాలే, వస్తున్నది మాత్రం సోమమ్మ గొంతు. కొత్త చొక్కా తొడుక్కుని చూసుకున్నట్టు వాడు ఆ గొంతుని సరిచూసుకుంటున్నాడు.

"నా చిలకా, తిన్నావా?" అన్నాడు వాడు.

"తిన్నాను. ఇంకా కావాలి" అని గాలిలోంచి వందమంది ఒక్కసారి పలికినట్టు జవాబొచ్చింది.

"తిను, బాగా తిను. ఏడు సముద్రాల అవతల పగడాల దిబ్బ మీద నువ్వు చల్లగా ఉంటేనే కదా నా ప్రాణం చల్లగా ఉండేది!"

నవకేతు చెమటలు కక్కుతూ తండ్రి గది దాకా పోయాడు. లోపల రాజు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. ఆ మాట్లాడుతున్నది నాన్నేనా? నాన్న గొంతు తొడుక్కున్న వాడా? వెనక్కి తిరిగాడు. ఆ చిలకని తనే వెతకాలని మూట కట్టుకుని బయల్దేరాడు. గుర్రపుసాల పక్కన శూరకేతు ఎదురయ్యాడు. తమ్ముడి భుజాన మూట చూశాడు. ఎక్కడికని అడగలేడు, అడిగితే నేరం. అన్నదమ్ములిద్దరూ దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు. నవకేతు కాలినడకన బయటపడ్డాడు.

పొలిమేర దాటగానే మద్దిచెట్టు మీద నుంచి ఒక కాకి "ఎక్కడికి?" అంది.

నవకేతు కత్తి దూశాడు. "నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. అడగాలనిపించింది, అడిగాను."

"మా రాజ్యంలో అది నేరం."

"మా చెట్టు మీద కాదు" అంది కాకి.

ఇది జటిలుడి వేగు అనుకున్నాడు నవకేతు. "ఊరికే, షికారుకి" అన్నాడు.

"షికారుకైతే తూర్పున మంచి అడవి ఉంది, పో" అంది కాకి.

అది దారి తప్పిస్తోందేమో, చెప్పిన దిక్కుకే వెళ్ళి దాని గుట్టు పట్టాలనుకున్నాడు. ముళ్ళల్లో పడి, వాగుల్లో పడి, తిరిగి తిరిగి మళ్ళీ ఆ మద్దిచెట్టు కిందికే వచ్చాడు. చొక్కా చిరిగింది, మొహం చీరుకుపోయింది. ఇక చేసేది లేక నిజం చెప్పేశాడు.

"ఆ ముక్క ముందే చెప్పకూడదూ!" అని కాకి అతన్ని పడమటి సముద్రం ఒడ్డుకి తీసుకుపోయి, ఇల్లంత తాబేలుని పిలిచింది. "ఇతను నా మనిషి. దిబ్బ దాకా దింపు" అంది.

ఆ తాబేలు వీపు మీద కూచున్నాడే కానీ నవకేతుకి నమ్మకం కుదరలేదు. నడిసంద్రంలో ముంచేస్తే? దాని మెడ మీద కత్తి ఆనించి కూచున్నాడు. ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడో సముద్రంలో తాబేలు అంది, "బాబూ, ఆ కత్తి కాస్త పక్కకి తియ్యి, దురద పెడుతోంది. నిన్ను ముంచాలంటే ఈపాటికి ముంచలేకపోయానా?"

నవకేతు సిగ్గుపడ్డాడు. అయినా కత్తి తియ్యడానికి అయిదో సముద్రం దాకా పట్టింది.

ఏడు సముద్రాలూ దాటాక ఎర్రటి పగడాల దిబ్బ వచ్చింది. దిబ్బ మీద రాతిమేడ. మేడలో ఇనపపంజరం, అందులో పచ్చటి చిలక. దాని పక్కన ఈటె పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు తారావళి. అక్కడికి దూరంగా ఉన్న ఒక దీవి రాజు కూతురు. చిలకకి మేత పెట్టడానికి జటిలుడు ఎత్తుకొచ్చి పెట్టుకున్నాడు.

"ఈసారి రాకుమారుడి వేషమా?" అంది ఆ పిల్ల ఈటె గురిపెట్టి. "మొన్న మా నాన్నలా వచ్చావు, అంతకుముందు మా అన్నలా వచ్చావు. నేను నోరు జారి పారిపోదామంటానేమోనని! ఇంకెన్నిసార్లు పరీక్షిస్తావు?"

"నేను జటిలుణ్ణి కాను" అన్నాడు నవకేతు.

"వాడూ అదే అంటాడు."

"నువ్వు వాడి మనిషివి కావని నాకేం నమ్మకం?"

"నమ్మమని నేనన్నానా?" అంది తారావళి.

ఇద్దరూ అలాగే చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి తారావళికే ఒక ఆలోచన వచ్చింది. జటిలుడు తన సొంతది కాని ఏ గొంతుతో మాట్లాడినా అది చిలక తిన్న గొంతే అయి ఉండాలి. ఈటె దించకుండానే "చిలకా, ఇతని గొంతు నీ దగ్గర ఉందా?" అని అడిగింది.

చిలక తల అటూ ఇటూ తిప్పి చూసింది. "లేదు" అంది. తరవాత సోమమ్మ గొంతుతో "చిక్కిపోయావేం నాయనా!" అంది.

నవకేతు భోరుమన్నాడు. ఆ ఏడుపు చూసి తారావళి ఈటె కింద పెట్టింది.

ఇంతలో సముద్రం మీద గాలి లేచింది. పరాయివాడు మేడలో అడుగుపెట్టిన సంగతి జటిలుడికి తెలిసిపోయి, గద్దలా ఎగురుకుంటూ వచ్చి వాకిట్లో దిగాడు. నవకేతు చటుక్కున పంజరం అందుకున్నాడు.

"చంపు" అన్నాడు జటిలుడు నవ్వుతూ. "దాని మెడ విరిచెయ్యి. నేను చస్తాను. దానితోపాటు నీ దాది గొంతూ చస్తుంది, మీ ఊరివాళ్ళందరి గొంతులూ చస్తాయి. విరిచే ధైర్యం ఉందా?"

నవకేతు పంజరాన్ని గుండెకి హత్తుకున్నాడు. విరిస్తే సోమమ్మ ఇక పాడదు. విరవకపోతే ఇక ఎవరూ మాట్లాడరు. అప్పుడు బురుజు మీద వాడు చదివిన మంత్రం గుర్తొచ్చింది. ఈ జటిలుడైనా సరే, అన్నాడు కదా! నెలల తరబడి రాజుగారి పంక్తిలో కూచుని మా బియ్యం తిన్నాడు కదా!

నవకేతు పంజరం పట్టుకుని, జటిలుడికి వీపు పెట్టి, సముద్రం వైపు నడక మొదలెట్టాడు.

"బెదిరిస్తే బెదిరిపోతాననుకున్నావా?" అన్నాడు జటిలుడు. నవకేతు ఇంకా ముందుకి నడిచాడు. నీళ్ళు కాళ్ళకి తగిలాయి. మోకాళ్ళకి వచ్చాయి. పంజరం అడుగు తడిసింది. చిలక రెక్కలు కొట్టుకుంది. జటిలుడికి ఊపిరాడలేదు. నిప్పులు కురిపిద్దామంటే చిలక కాలిపోతుంది. పట్టుకుందామంటే పంజరం నీళ్ళలో పడుతుంది. నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి వాడికి ఒళ్ళు తెలియలేదు.

"ఒరేయ్, ఆగరా! ఎక్కడికిరా?" అని వెనక నుంచి కేక పెట్టాడు.

నవకేతు గిరుక్కున తిరిగాడు. "నేరం!" అన్నాడు.

జటిలుడి నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం ఆగిపోయింది. మంత్రం చదవబోయాడు. గొంతు లేనివాడికి మంత్రం ఎక్కడిది? వాడి గొంతు చిలకలోకి పోయింది, దానితో మంత్రాలూ పోయాయి.

"తలుపు తియ్యి. గొంతులన్నీ వదిలేస్తాను" అంది చిలక, జటిలుడి మెత్తటి గొంతుతోనే.

నవకేతు పంజరం తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. ఆ గొంతుని నమ్మొచ్చా? తారావళి వైపు చూశాడు. "నాకూ తెలియదు. పుట్టినప్పటినించీ దాన్ని పంజరంలోంచి ఎవరూ తియ్యలేదు. అది మాత్రం నాకు తెలుసు" అంది తారావళి.

నవకేతు తలుపు తీశాడు.

చిలక అతని భుజం మీద వాలింది. మంత్రం చదివింది. గొంతులు ఒక్కొక్కటే తేనెటీగల్లా ఝుమ్మని బయటికొచ్చి తూర్పుగా సాగిపోయాయి. ఆఖరిది పోయేసరికి, మంత్రం చదివిన జటిలుడి గొంతు కాస్తా అరిగిపోయింది. అప్పుడు చిలక కీచుమని ఒక్క కూత కూసింది. అది దాని సొంత గొంతు. అది విని దానికే ఆశ్చర్యమేసి, ఎగిరిపోయింది. జటిలుడు ముడుచుకుపోయి ముసలివాడయ్యాడు. చిలక బతికినన్నాళ్ళూ ఆ దిబ్బ మీదే మూగగా బతికాడు.

నవకేతు, తారావళి తాబేలెక్కి మందరసీమకి వచ్చారు. ఆజ్ఞలన్నీ రద్దని రాజు దండోరా వేయించాడు. తారావళి తండ్రికి కబురు వెళ్ళింది, ఓడల మీద వియ్యాలవారు వచ్చారు, వైభోగంగా పెళ్ళి జరిగింది. గొంతులు వచ్చినా మొదట్లో జనానికి మాట పెగల్లేదు. విందులో కూడా అటూ ఇటూ చూసి కానీ నవ్వలేదు.

పెళ్ళి హడావిడి అయ్యాక నవకేతు సోమమ్మ దగ్గర కూచున్నాడు. "ఆ ఆజ్ఞ అడిగింది నేనే" అని చెప్పేశాడు.

సోమమ్మ అతని మొహంలోకి చూసింది. "కూనిరాగం అంత కష్టంగా ఉంటే నాకు చెప్పకపోయావా నాయనా? ఆ వేళకి తిరగలి ఇంకో వాకిట్లో వేసుకుందును కదా" అంది.

"గోడ అవతల నేరం అన్నదెవరో నీకు తెలుసా?"

"తెలుసు. కళ్ళు మూసుకున్నా గుర్తుపట్టే గొంతే."

"ఎవరు?"

"చెప్పను" అంది సోమమ్మ. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. భోజనాల దగ్గర అన్నల మొహాలు చూసినప్పుడల్లా, వాకిట్లో వంటవాళ్ళని చూసినప్పుడల్లా నవకేతుకి ఆ సంగతి మనసులో మెదిలేది. మెదిలినా ఎవర్నీ ఏమీ అనలేదు.

ధైర్యం చేసి ఏడు సముద్రాలు దాటాడని రాజు అతనికే పట్టం కట్టాడు. రాజయ్యాక నవకేతు దగ్గరికి ఫిర్యాదులు రాకుండా పోలేదు. ఒకడు ఊరు తాగే వాగులో చర్మాలు కడుగుతున్నాడన్నారు. స్వయంగా వెళ్ళి చూసి, అది నేరమన్నాడు, ఆపించాడు. ఒకావిడ వచ్చి, పక్కింటావిడ పిట్టగోడ మీద మిరపకాయలు ఆరబోస్తోంది, నా కొంపంతా ఘాటు, నేరం చెయ్యండి మహారాజా అంది.

"ఆమెతో ఎప్పుడైనా చెప్పావా అమ్మా?" అని అడిగాడు.

"లేదు బాబూ."

"ముందు ఆమెతో చెప్పు. వినకపోతే అప్పుడు రా."

ఆవిడ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నవకేతు, తారావళి చాలాకాలం రాజ్యమేలారు. ఆ కోట గుమ్మం దాకా వచ్చి, ఆ ఒక్క ప్రశ్న విని, ఇంటికి తిరిగి పోయినవాళ్ళు లెక్కలేనంతమంది. వాళ్ళు వాళ్ళ ఇళ్ళకి, మనం మన పక్కల మీదికి.