మైనం వేడి

వీరాంజనేయులుకి భయం వేసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ రోజు గురువుగారు ఆదిశేషయ్యగారి గుమ్మంలో చెప్పులు విప్పుతూ తెగ నవ్వుతున్నాడు.

వాడి కిడ్నీలు పోయి ఏళ్ళయింది. డయాలసిస్ మంచం ఎక్కుతూ దిగుతూ కూడా నాదస్వరం వదల్లేదు, మొండిఘటం. ఈమధ్య ఎముకల్లో సలుపు మొదలైంది. భుజాలు పైకి లేవవు. పడుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, వేళ్ళు నొప్పెడతాయి. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి ఎముకలు గుల్లబారతాయనీ, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. వెళ్ళినప్పుడల్లా "చేతులెలా ఉన్నాయి?" అని అడుగుతుంది.

"బ్రహ్మాండం" అంటాడీ మహానుభావుడు.

పక్క మంచం సుబ్బరామయ్య తుంటి నొప్పని చెప్పుకున్నాడు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. నోరు విప్పితే తన మణికట్టూ కోస్తారు, ఇక వేళ్ళు పలకవని వీడి భయం.

"ఈసారి గుళ్ళో కల్యాణానికి నేనే వాయిస్తా గురువుగారూ. వేళ్ళ నొప్పి పూర్తిగా పోయింది" అన్నాడు.

"మందేమన్నా మార్చారా?"

"లేదండీ. దానంతటదే పోయింది."

ఆదిశేషయ్యగారు ఎవర్నీ పొగిడే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. తన నాదస్వరం తీసి వాడి ఒళ్ళో పెట్టారు.

"శ్రుతి కొంచెం దిగింది. మైనం సర్దు."

నాదస్వరం అడుగున వేళ్ళతో వాయించని రంధ్రాలు కొన్ని ఉంటాయి. శ్రుతి కుదరడానికి వాటిని తేనెమైనంతో పూడుస్తాం. శిష్యుడిగా చేరిన నాటినుంచీ అది వీరాంజనేయులు పనే. దీపం మీద మైనం కరిగించడం, వేళ్ళతో అందుకోవడం, ఉఫ్ ఉఫ్ అని ఊదుకోవడం, రంధ్రానికి అద్దడం. పిల్లల తండ్రయ్యాక కూడా ఆ ఊదుకోవడం మానలేదు. తోటి శిష్యులం, మేం ఏడిపించేవాళ్ళం కూడా.

ఆ రోజు మైనం కరిగింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి అందుకున్నాడు. కల్యాణంలో ఏ రాగం ఎత్తుకోవాలో చెబుతూనే తీరిగ్గా ముద్ద చేశాడు, నున్నగా అద్దాడు. ఆ పని అంత శుభ్రంగా వాడెప్పుడూ చెయ్యలేదు.

"అయిందండీ."

ఆదిశేషయ్యగారు నాదస్వరం వైపు చూడలేదు.

"ఊదుకోలేదేంరా?"

వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. వేళ్ళకేసి చూసుకున్నాడు. కొసలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి, మైనం ఇంకా అంటుకునే ఉంది.

"కాలినట్టే తెలీలేదు గురువుగారూ" అన్నాడు. "నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. చెయ్యి ఇటివ్వు."

ఆయన ఆ చేతిని చల్లటి నీళ్ళలో ఉంచి, కండువాతో అద్ది, నోటి దగ్గరకు తెచ్చుకుని మెల్లగా ఊదారు.

"తెలుస్తోందా?"

వీరాంజనేయులు కళ్ళు మూసుకుని ఒక్కో వేలే కదిపి చూసుకున్నాడు.

"చిటికెనవేలికి మాత్రం తెలుస్తోంది."

"ఈసారి డాక్టరమ్మ అడిగితే ఆ మాటే చెప్పు" అన్నారు ఆదిశేషయ్యగారు. మళ్ళీ వంగి, మిగతా వేళ్ళ మీద ఊదడం మొదలుపెట్టారు.