ఆఖరు చెయ్యి గవరమ్మది

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతకి ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక పేట ఉండేది. ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టకపోతే కథ నా నోట్లోనే నిద్రపోతుంది. తర్వాత నన్నని లాభం లేదు.

ఆ పేటలో ఒక వీధిబడి. మీ బడిలాంటిది కాదు. బల్లల్లేవు, పలకల్లేవు. కామేశం పంతులుగారి ఇంటి అరుగే బడి. అరుగు మీద ఇసుక పోసేవారు. పిల్లలు బారుగా కూర్చుని, ఆ ఇసుకలో చూపుడువేలితో దిద్దేవారు. అ దిద్దితే అ. ఆ దిద్దితే ఆ. చెరిపేస్తే మళ్ళీ ఇసుకే.

ఆ ఇసుక తెచ్చేది గవరమ్మ. ముందూ వెనకా ఎవరూ లేని ముసలమ్మ. తెల్లారీ తెల్లారకముందే, ఏటి మీద మంచు ఇంకా పడుకుని ఉండగానే, మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి ఇసుక తీసేది. గులకరాయి ఒక్కటి లేకుండా జల్లించేది. బుట్టకెత్తుకుని వచ్చి అరుగు మీద పోసేది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఊడ్చి, మళ్ళీ ఏట్లోనే కలిపేది.

"పిచ్చిదానా, రేపటికి అదే వాడుకోవచ్చుగా?" అనేవారు ఊళ్ళోవాళ్ళు.

"పిల్లలు రాసింది ఏరు కూడా చదువుకోవద్దూ? పాపం, దానికి బడెక్కడుంది?" అనేది గవరమ్మ.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ ఒక విద్య వచ్చు. సాయంత్రం ఊడ్చేముందు, పిల్లలు దిద్దిన గీతల్లో తన వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లిగా నడిపించేది. గీత లోతుగా దిగి ఉంటే, "అయ్యో, ఈ బిడ్డ భయపడుతూ దిద్దింది" అనేది. గీత వణికి ఉంటే, "ఈ బిడ్డ ఆకలితో దిద్దింది" అనేది. గీత తేలిగ్గా సాగిపోతే, "ఇదిగో, ఈ బిడ్డ నవ్వుతూ దిద్దింది" అని తనూ నవ్వుకునేది. నమ్మరా? మీ ఇష్టం. మా అవ్వ చెప్పింది, నేను చెబుతున్నాను.

ఇక ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. పొద్దున అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో పంతులుగారు వేలితో శ్రీ రాసేవారు. రెండోవాడి అరచేతిలో చుక్క పెట్టేవారు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ. నాలుగోవాడికి రెండు. అయిదోవాడికి మూడు. అలా పెరుగుతూ పోయేవి. బడిలో ఇరవైమంది. ఆఖరువాడికి పద్దెనిమిది.

కామేశం పంతులుగారు చెడ్డవారు కాదు. దెబ్బలుంటేనే పిల్లలు పెందలాడే వస్తారని ఆయన నమ్మకం. ఆయన్ని ఆయన గురువు అలాగే కొట్టారు. ఆ గురువుని ఇంకో గురువు. అలా వెనక్కి పోతే ఎక్కడో ఒక బుద్ధి తక్కువవాడు దొరుకుతాడులెండి.

రోజూ ఆఖరున వచ్చేది అసిరి. ఏడేళ్ళవాడు. వాడి తల్లి చీకటితోనే లేచి వడ్లు దంచడానికి పోయేది. ఆమె తిరిగొచ్చేదాకా వాడు చంటి చెల్లెల్ని ఉయ్యాలూపాలి. తల్లి గుమ్మంలో కాలుపెట్టగానే ఒకటే పరుగు. ఎంత పరుగెత్తినా ఆఖరే. ఎందుకు ఆలస్యమైందని పంతులుగారు అడిగేవారు కాదు, వాడు చెప్పేవాడు కాదు. చెయ్యి చాపేవాడు. పద్దెనిమిదీ పడేవి. ఆ చేత్తోనే ఇసుకలో దిద్దాలి.

ఒక సాయంత్రం గవరమ్మ అసిరి గీతలో వేలు పెట్టింది. లోతుగా దిగి ఉంది. మర్నాడు దారిలో వాణ్ణి ఆపి, "భయపడకురా నాయనా. తప్పు రాస్తే ఇసుకేమీ అనదు" అంది.

రెండో సాయంత్రం వేలు పెట్టింది. గీత వణికింది. మర్నాడు ముంతతో అంబలి తెచ్చి తాగించింది.

మూడో సాయంత్రం వేలు పెట్టింది. గీతే లేదు. ఇటు చూసింది, అటు చూసింది. ఏట్లోంచి తెచ్చిన ఇసుక తెచ్చినట్టే ఉంది. పొద్దుటినుంచీ పిల్లాడు వేలు కూడా ఆనించలేదు. 

"భయపడే బిడ్డకి ధైర్యం చెప్పాను. ఆకలేసే బిడ్డకి అంబలి పోశాను. వేలే పెట్టని బిడ్డకి ఏం చెయ్యనురా దేవుడా?" అనుకుంది.

పంతులుగారు లోపల్నుంచి అన్నారు: "అసిరిగాడి సంగతేనా? వాడి బుర్రలో మట్టి ఉంది. రేపొక్కరోజు చూస్తాను. రేపు కూడా దిద్దకపోతే, ఇక బడికి రావద్దు, పోయి గేదెల్ని కాసుకోమంటాను."

గవరమ్మ బుట్టక్కడే వదిలేసి అసిరి ఇంటికి పోయింది. వాడు ఉయ్యాల ఊపుతున్నాడు.

"ఎందుకు దిద్దలేదురా బంగారం?"

"నాకు చదువు రాదు మామ్మా."

"ఎవరు చెప్పారు?"

"బెత్తం చెప్పింది. చదువు వచ్చేదైతే రోజూ ఎందుకు కొడతారు?"

ముసలమ్మకి కన్నీళ్ళాగలేదు. "ఆలస్యంగా వచ్చేవాడివిరా నువ్వు, చదువు రానివాడివి కాదు" అంది. వాడు విన్నాడో లేదో, ఉయ్యాల ఊపుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చి, అందరి ఇసుకా బుట్టకెత్తి, అసిరి ఇసుక మాత్రం కొంగున కట్టుకుని ఏటి దగ్గరికి పోయింది. పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద సన్నగా పొగమంచు లేస్తోంది. అందరి ఇసుకా పోసింది, ఏరు తీసుకుంది. అసిరి ఇసుక పోసింది. అది ములగలేదు. నీళ్ళ మీదే తేలుతూ నిలబడిపోయింది.

"గవరమ్మా, ఇందులో చదవడానికి ఏమీ లేదే" అంది ఏరు.

"బిడ్డ రోజూ ఆఖరున వస్తున్నాడే తల్లీ. అదే వాడి పాపం."

"నాలో ముందొచ్చిన నీళ్ళేవి, వెనకొచ్చిన నీళ్ళేవి? చూసి చెప్పు" అంది ఏరు.

గవరమ్మ చూసింది. చూస్తూనే ఉంది. పొద్దు గుంకేదాకా చూసింది. ఆ తర్వాత చిన్నగా నవ్వి లేచింది.

తెల్లారింది. పంతొమ్మిదిమంది వచ్చారు. రోజూలాగే ముందొచ్చినవాడికి శ్రీ రాయాలని పంతులుగారు వేలెత్తారు.

"ఆగండి బాబూ" అంది గవరమ్మ. "ముందొచ్చింది వాడు కాదు, నేను. నేను ఇసుక పోస్తేనే కదా బడి? నలభై ఏళ్ళనుంచీ రోజూ ముందొచ్చింది నేనే. ఏనాడైనా నా చేతిలో శ్రీ రాశారా?"

పంతులుగారు తెల్లబోయారు. "నీకెందుకే శ్రీ?"

"నాకొద్దు. అదిగో, రొప్పుకుంటూ వస్తున్నాడే అసిరి, నా శ్రీ వాడికివ్వండి. వాడి చోటు నాకివ్వండి. పద్దెనిమిదీ నన్ను కొట్టండి."

"వాడు పెందలాడే రావాలనేగా నేను కొట్టేది?"

"ఇరవైమందీ తొలికోడికే వచ్చినా, ఒకడు ఆఖరువాడే కదా బాబూ! వాడేం తప్పు చేసినట్టు? వీడు పొద్దున్నే చంటి చెల్లెల్ని ఊపి, తల్లి వచ్చాక పరుగెత్తుకొస్తున్నాడు. ఒక్కరోజైనా అడిగారా?"

అని చెయ్యి చాపింది. పంతులుగారు ఆ చేతి వంక చూశారు. నలభై ఏళ్ళ ఇసుక అరగదీసిన చెయ్యి. అందులో ఒక్క గీత కూడా మిగల్లేదు. బెత్తం ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ దించారు. మూడోసారి ఎత్తలేకపోయారు.

అసిరిని దగ్గరికి పిలిచి, వాడి అరచేతిలో శ్రీ రాశారు. వాడు ఆ చేతిని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత పోయి కూర్చుని, ఇసుకలో వేలు పెట్టాడు.

మర్నాడు పంతులుగారు మళ్ళీ బెత్తం పట్టుకున్నారు. చేతికి పట్టిన అలవాటు, అంత తొందరగా పోతుందా! గవరమ్మ మళ్ళీ అందరి వెనకా నిలబడి చెయ్యి చాపింది. "ఎక్కువ దెబ్బలున్న చేతితోనే మొదలుపెట్టండి బాబూ. ముందు నన్ను కొట్టి, తర్వాత మిగతావాళ్ళని కొట్టండి."

సరేనన్నారు పంతులుగారు. కానీ ఆవిణ్ణి కొట్టలేరు. ఆవిణ్ణి కొట్టందే ఇంకెవర్నీ కొట్టకూడదు. ఆ రోజూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆఖరు చెయ్యి గవరమ్మది. వానలొచ్చినా గవరమ్మదే, చలొచ్చినా గవరమ్మదే. బెత్తం చూరులోకి వెళ్ళిపోయింది.

మూడు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు పొద్దెక్కినా బడికి ఇసుక రాలేదు. వెళ్ళి చూస్తే, ఏటి ఒడ్డున బుట్ట పక్కన పడుకుని ఉంది గవరమ్మ. నిద్రపోతున్నట్టే ఉంది. ఊరంతా ఏడ్చింది. పంతులుగారు కూడా ఏడ్చారు.

పెద్దపిల్లలే ఇసుక తెచ్చుకుంటూ ఉండగా నెల తిరిగింది. పెద్దమనుషులు ముగ్గురు అరుగు మీదికొచ్చారు. "ముసలిది పోయింది కదా, ఇంక ఆచారం ఆచారమే. పిల్లలు అదుపు తప్పుతున్నారు" అన్నారు. పంతులుగారు అయిష్టంగానే లేచి, చూరులోంచి బెత్తం తీశారు. పిల్లలు బారుతీరారు. చివర ఒక కొత్త పిల్ల, మునెమ్మని, అయిదేళ్ళది. అప్పుడే వచ్చింది. చెయ్యి చాపకముందే ఏడుపు మొదలుపెట్టింది.

అసిరి ఇప్పుడు పదేళ్ళవాడు. బారులోంచి ముందుకొచ్చాడు.

"పంతులుగారూ, ఆగండి. ఆఖరు చెయ్యి ఇంకా రాలేదు."

"ఎవరిదిరా?"

"గవరమ్మ మామ్మది. మామ్మతోనే కదా మొదలుపెట్టాలి? రానివ్వండి."

పెద్దమనుషులు నవ్వబోయి, పంతులుగారి ముఖం చూసి ఊరుకున్నారు. ఆయన ఏటిదారి వంక చూస్తున్నారు. దారినిండా మంచు. "సరే, రానిద్దాం" అన్నారు. బెత్తం పక్కన పెట్టి కూర్చున్నారు. పిల్లలు దిద్దుకున్నారు. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. మర్నాడూ చూశారు. ఆ ఏడాదంతా చూశారు. ఆయన పోయాక అసిరే ఆ అరుగు మీద పంతులయ్యాడు. వాడూ చూశాడు.

ఇప్పటికీ ఆ ఏటి వెంబడి ఊళ్ళల్లో అంతేనర్రా. ఏ బిడ్డయినా బడికి ఆలస్యంగా వచ్చి, లోపలికి రావడానికి జంకుతూ గుమ్మం దగ్గర నిలబడిపోతే, ఎవరూ కసరరు. ముందు, "అన్నం తిన్నావా?" అని అడుగుతారు. తర్వాత, "ఇంట్లో ఏమైంది?" అని అడుగుతారు. ఆ తర్వాత కాస్త పక్కకి జరిగి చోటిచ్చి, "రా తల్లీ, వచ్చి కూర్చో. గవరమ్మ ఇంకా రాలేదులే" అంటారు.