వీపు నడుమ జానెడు చోటు

కోటవాకిలిలో కుస్తీ నేర్పే తాలింఖానాలో కొమరెల్లి అనే పహిల్వాన్ ఉండేవాడు; ఎదుటివాణ్ణి పడేయడమంటే అతనికి ఎంత ఇష్టమో, తాను పడడమంటే అంత నామోషీ.

ఆ తాలింఖానాలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే గోదాలో మట్టి తవ్వి, జోడీలుగా నిలబడి, ఒకరి వీపుకు ఒకరు మట్టి రాసుకునేవారు. తర్వాత ఒకడు పదిసార్లు పడేస్తే, రెండోవాడి వంతూ పది. కొమరెల్లి తన పదీ నిక్కచ్చిగా పడేసేవాడు. ఎదుటివాడి వంతు రాగానే అతనికి మోకాలు పట్టేసేది, లేకపోతే దాహం వేసేది. ఒక్కోరోజు రెండూ కలిసే వచ్చేవి.

కొన్నాళ్లకు అతనికి జోడీ దొరకకుండా పోయింది. ఎవరూ తిట్టలేదు, పోట్లాడలేదు. అందరూ ఇద్దరిద్దరుగా కలిసిపోయేవారు, అతనొక్కడు మిగిలిపోయేవాడు.

కొమరెల్లి తగ్గలేదు. గోనెసంచిలో ఇసుక, ఊక కూరి, మనిషంత ఎత్తున కుట్టి ఒక మూల నిలబెట్టాడు. వంగి దూకి, దాని అడుగుభాగాన్ని రెండు చేతులా వాటేసి, ఎత్తి పడేసేవాడు. రోజుకు రెండొందల సార్లు. బస్తా ఏనాడూ తన వంతు అడగలేదు. "మీ బస్తా బావ కులాసానా?" అని పాత జోడీ బాలపోశం ఆటపట్టించేవాడు. కొమరెల్లి బస్తాను ఇంకోసారి ఎత్తి పడేసేవాడు. అందరూ వెళ్లాక మాత్రం బస్తాకు ఆనుకుని కూర్చుని, ఈరోజు పట్టు బాగా కుదిరింది కదా అని దాన్నే అడిగేవాడు. తన వీపుకు తానే మట్టి రాసుకునేవాడు. చేతులు ఎంత మెలితిప్పినా వీపు నడుమ జానెడు చోటు అందేది కాదు.

జాతర కుస్తీలు వచ్చాయి. గెలిచినవాడికి వెండి కడియం. చేతుల్లో అంత బలం మరొకరికి లేదు కాబట్టి తాలింఖానా నడిపే మెహబూబ్ ఉస్తాద్ కొమరెల్లినే పంపాడు. కడియం తొడుక్కుని తిరిగొస్తే అందరూ మళ్లీ తన చుట్టూ చేరతారని కొమరెల్లి ఆశపడ్డాడు.

ఎదుట నిలిచినవాడు ఈరన్న అనే బక్కపలచని మనిషి. కొమరెల్లి వంగి దూకాడు. బస్తా మీద ఆ దూకుడు ఎప్పుడూ తప్పలేదు. కానీ ఈరన్నకు కాళ్లున్నాయి. అవి అడుగున్నర వెనక్కి జరిగాయి. కొమరెల్లి చేతులకు గాలి చిక్కింది, నోటికి మట్టి చిక్కింది. లేచేలోపే ఈరన్న అతణ్ణి తిరగేసి, వీపు నేలకు ఆనించి గెలిచాడు. ఇన్నాళ్లూ అందని జానెడు చోటుకు ఆ పూట మట్టి బాగానే అంటింది.

మర్నాడు పొద్దున కొమరెల్లి బస్తా దగ్గరికి పోలేదు. బాలపోశం ముందు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ముందు నీ వంతే. పడెయ్," అన్నాడు.

"మోకాలు ఎట్లుంది?"

"నొప్పి లేదు. ఎన్నడూ లేదు."

"మరి దాహం?"

"అదీ అబద్ధమే."

బాలపోశం వంగాడు. గుప్పెడు మట్టి తీసి అతని వీపు నడుమ రాశాడు. కొమరెల్లి తిరిగి అతని ఎదుట నిలబడ్డాడు. తర్వాత వరసగా పడ్డాడు. ఎనిమిదోసారి పడి, మట్టిలో ఉండగానే తల ఎత్తాడు.

"నా బరువు ముందు కాలి మీదికి వచ్చినప్పుడే దూకుతున్నావు కదూ? అప్పుడు నేను వెనక్కి జరగలేను."

"ఇన్నాళ్లూ మీ బావ ఈ ముక్క చెప్పలేదా?" అన్నాడు బాలపోశం.

పదీ పూర్తయ్యాక కొమరెల్లి వంతు వచ్చింది. ఈసారి అతను తొందరపడలేదు. బాలపోశం బరువు ముందు కాలి మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు దూకాడు. పట్టు కుదిరింది.

బస్తా ఇంకా ఆ మూలనే ఉంది. దాని మీద ఇద్దరూ తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు.

నీతి: తాను పడడానికి ఒప్పుకోనివాడికి పడేసే విద్య అబ్బదు; ఎదుటివాడి వంతు ఎగ్గొట్టేవాడికి తోడూ మిగలదు.