మంద చూస్తుండగానే

ఎర్రగుట్ట మీద నలభై మేకలు మేస్తుండగా, పట్టపగలు, ఒక కుంటి గుంటనక్క వచ్చి మల్లి అనే మేకకు పుట్టిన పిల్లను నోట కరచుకుపోయింది. పిల్ల కెవ్వుమంది. మేస్తున్న తలలన్నీ పైకి లేచాయి. ఒక్క కాలూ కదల్లేదు.

నీళ్ళకు వెళ్ళిన మల్లి తిరిగొచ్చేసరికి రాతి మీద నెత్తుటి చుక్కలే మిగిలాయి.

"ఎవరూ చూడలేదా?" అంది మల్లి.

"చూశాను," అన్నాడు కర్రిపోతు. మందలో అందరికంటే పెద్ద కొమ్ములు అతనివే. "ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నా."

"ఎవరూ కంగారు పడట్లేదు గదా, పెద్ద ప్రమాదమేమీ కాదేమో అనుకున్నా నేను," అంది జూలు మేక.

మల్లి చివరికి ముసలి బొల్లి వైపు తిరిగింది. "అక్కా, నా పిల్ల నీకు పది అడుగుల దూరంలోనే ఉంది గదా?"

పోయినేడు వాగు గట్టున తను ఒంటరిగా దొరికినప్పుడు ఈ నక్కనే పొడిచి కాలు విరగ్గొట్టింది బొల్లి. మరి ఇవాళ ఏమైంది? కర్రిపోతు కదులుతాడేమోనని చూస్తూ నిలబడిపోయింది. కర్రిపోతేమో బొల్లి వైపు చూశాడు.

మేత సయించక బొల్లి వాగు వైపు నడిచింది. పొద వెనక నుంచి మాటలు చెవిన పడ్డాయి.

"అంత మందలోకి ఎలా దూరావయ్యా? భయం వెయ్యలేదా?" అంటోంది ఆడనక్క.

"పిచ్చిదానా, ఒంటి మేకంటేనే నాకు హడలు. మందైతే ఏముంది? ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. అవి చూసుకునేలోపు నా పని అయిపోతుంది. రేపు ఇంకోదాన్ని తెస్తా, చూడు."

తమ సంగతి తమకంటే నక్కకే బాగా తెలుసు! రేపు తనైనా కదలాలనుకుంది బొల్లి.

మర్నాడు నక్క దర్జాగా వచ్చింది. నక్కి నక్కి రావాల్సిన పని కూడా లేదనుకుంది. ఓ బుల్లి పిల్ల మెడ పట్టుకుంది. తలలు లేచాయి. అంతా తెలిసి కూడా బొల్లి కాళ్ళు మళ్ళీ నేలకు అతుక్కుపోయాయి.

"ఎవరైనా రండర్రా" అనబోయి ఆగింది. ఆ 'ఎవరైనా' అన్నవాడు ఈ మందలో లేడు.

"కర్రిపోతా! నిన్నే! ఎడమ పక్క నుంచి పొడువు! జూలూ, నువ్వు దారికి అడ్డం పడు! నేను ఎదురుగా వస్తున్నా!"

తన పేరు వినగానే కర్రిపోతు ఉలిక్కిపడి దూకాడు. జూలు దూకింది. ఆ ముగ్గురినీ చూసి మందంతా కదిలింది.

నక్క నోరు తెరుచుకుపోయింది. పిల్ల కింద పడి తల్లి దగ్గరికి పరిగెత్తింది.

"ఇదేంటి, మీరు కదలరు గదా!" అని అరుస్తూనే నక్క కొమ్ముల మీంచి ముళ్ళలోకి, ముళ్ళలోంచి రాళ్ళ మీదికి దొర్లుకుంటూ గుట్ట దిగిపోయింది. మళ్ళీ అటు రాలేదు.

మంద గంతులు వేసింది. మల్లి మాత్రం బొల్లి పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "నిన్న కూడా నీకు వాళ్ళ పేర్లు తెలుసు గదక్కా?"

"తెలుసు," అంది బొల్లి, తల వంచుకుని.

నీతి: ఆపద వేళ 'ఎవరో ఒకరు' అంటే ఎవరూ రారు, పేరు పెట్టి పిలవాలి, ముందుగా తనే అడుగు వెయ్యాలి.