ఎక్కడికీ పోని దారి

తెలివిని దాచుకుని ఎదుటివాళ్లను మోసం చేయకూడదన్నది దర్గా కంప్యూటరు చూసుకునే దస్తగిరి నియమం. అందుకే కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు: "కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నా." దర్గాకు చక్కెర చదివింపుల మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఇది విన్నాకే ఇంటికి పోగలిగేవారు.

ఆ ఉదయం దర్గాలో కంటి శిబిరం. వరండా నిండా ముసలివాళ్లు. వాళ్ల కంటి కొలతలన్నీ దర్గా కంప్యూటర్లో ఉన్నాయి. ఆ ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. కొలతలు లేనిదే ఆపరేషన్ చేయనని డాక్టరమ్మ పెట్టె సర్దుకుంటోంది.

దస్తగిరి కేబుల్ ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాడు. ఇంటర్నెట్ వాళ్లను తిట్టాడు. మేడెక్కి ఇంటర్నెట్ డబ్బా తట్టాడు. దిగివచ్చి మబ్బును తిట్టాడు.

అతని గురువు నన్నేసా హజ్రత్ తస్బీ పూసలు తిప్పుకుంటూ వచ్చి, ఆ కేబుల్‌ను పట్టి లాగేశాడు.

"అయ్యో హజ్రత్! ఉన్నదీ పాయె!"

"తప్పు బయటిదంటివి కదా. బయటిది తీసేసినా. ఇప్పుడు ఈ కంప్యూటరును పిలిపించు."

"ఎవరితో?"

"దానితోనే."

దస్తగిరి లోలోపల నవ్వుకున్నాడు. తీగ లేకపోయినా యంత్రం తనను తాను పిలుచుకుంటే పలుకుతుంది. ఆ లోపలి దారినే లూప్‌బ్యాక్ అంటారు. ఇంత చిన్న పరీక్షా! పిలిపించాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజే సెట్టింగులు శుభ్రం చేశాడు. 'ఎక్కడికీ పోని దారి దేనికి?' అని లూప్‌బ్యాక్ వరుసలు తుడిచేసి, తనను తాను మెచ్చుకుని, యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాడు. కొలతలు దాచే ప్రోగ్రామూ, చూపించే ప్రోగ్రామూ మాట్లాడుకునేది ఆ దారినే.

"ఎవరు తీసినారు నాయనా?"

"ఎలుక..." అనబోయి, "నేనే" అన్నాడు.

వరుసలు తిరిగి రాశాడు. లూప్‌బ్యాక్‌ను లేపాడు. ఈసారి పిలవగానే పలికింది. కేబుల్ నేల మీదే ఉంది, తెర మీద కొలతలు వచ్చేశాయి.

వరండా కిటికీలోంచి చూస్తున్న ముసలి ఓబుళమ్మ డాక్టరమ్మకు కేకేసింది: "పెట్టె దించు తల్లీ! కంప్యూటరుకు చూపొచ్చింది!"

దస్తగిరి కేబుల్ చేతికి తీసుకుని, తల వంచుకుని అడిగాడు. "ఇప్పుడు తగిలించమంటారా?"

"తగిలించు," అన్నాడు హజ్రత్. "ఇంట్లో పలికింది కదా. ఇంక ఊరితో మాట్లాడనీ."

ఆనాటి నుంచి ఏది ఆగినా దస్తగిరి ముందు యంత్రాన్ని దానితోనే పిలిపిస్తాడు. ముందు తనను తాను ప్రశ్నించుకోవడం మాత్రం ఇంకా రాలేదు. మొన్న తను వండిన అన్నం మాడితే పొయ్యిని తిట్టాడు.

కాకపోతే, ఆ తిట్టు సగంలో ఆపాడు.