రెండు నిమిషాల లెక్క

పరాంకుశం అనే శాస్త్రవేత్త యంత్రాల వల్ల వచ్చే ప్రమాదాలను అంచనా వేయడంలో దిట్టే గానీ, ఆ ప్రమాదం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లను ఒక్క మాటైనా అడిగేవాడు కాడు. అంకెలు తప్పు చెప్పవని ఆయన ధీమా.

ఒకసారి సముద్రతీరంలోని ఒక రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు ఆయన్ని పిలిచారు. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా అనే విషవాయువు ఉంటుంది. అది లీకైతే, షెడ్డులో రొయ్యలు ఒలిచే నూట ఇరవై మంది ఆడవాళ్లు బయటపడగలరా అన్నది తేల్చాలి. పరాంకుశం గడియారం చేతబట్టి, అంతమంది ఆఫీసు వాళ్లను షెడ్డులోంచి పరుగెత్తించాడు. రెండు నిమిషాల్లో అందరూ బయట ఉన్నారు. గాలి విషమవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇంకేం, ఈ మాత్రం ప్రమాదం పర్వాలేదని రాసేశాడు. ఇంకో తలుపు పెట్టించాలా అని మేనేజరు అడిగితే అక్కర్లేదన్నాడు.

ఒలిచేవాళ్లలో నూకరత్నం అనే ఆవిడ ఆ మాట విని దగ్గరికొచ్చింది.

"పర్వాలేదంటే ఎవరికండి? లోపలుండేది మేము కదా, మమ్మల్ని ఓ మాట అడగరా?" అంది.

"ఇది సైన్సమ్మా. అడిగి తేల్చేది కాదు," అని పరాంకుశం నవ్వేశాడు.

నెల తిరక్కుండానే ఏదో పని మీద ఆయన మళ్లీ అక్కడికి వచ్చాడు. ఆ మధ్యాహ్నమే అమ్మోనియా గొట్టం పగిలింది. సైరన్ మోగింది. రెండు నిమిషాలు దాటినా పట్టుమని పదిమంది బయటికి రాలేదు. పరాంకుశం తలుపు దగ్గరికి పరుగెత్తి, లోపలికి చూశాడు. ఆడవాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ వరసలో నిలబడి ఉన్నారు. రొయ్యలు దాచుకుపోతారేమోనని రోజూ ఒక్కొక్కరినీ తడిమి చూసి పంపడం అక్కడి పద్ధతి. వరస తప్పినవాళ్లకు మర్నాడు పని ఉండదు. ఏళ్ల తరబడి అలవాటైన కాళ్లు సైరన్ మోగినా వరసలోకే వెళ్లాయి. తనిఖీ చేసే ఆవిడ కూడా దగ్గుతూనే తడుముతోంది.

తనిఖీ ఆపి బయటికి రమ్మని గొంతు చించుకున్నాడు. ఇరుకు తలుపులోంచి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. అందరి ప్రాణాలూ దక్కాయి గానీ, వరస చివర నిలబడ్డ నూకరత్నానికి రెండు కళ్లూ పోయాయి.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని పరాంకుశం ఏడ్చేశాడు.

"ఆ రోజు అడిగుంటే వరస సంగతి చెప్పేవాళ్లం కదండి," అంది నూకరత్నం.

పర్వాలేదన్న మాట ఏ అంకె చెప్పిందీ కాదు, తాను చెప్పిందేనని పరాంకుశానికి అప్పుడు తెలిసింది.

నీతి: ప్రమాదం ఎంతో శాస్త్రం కొలవగలదు; అది పర్వాలేదో కాదో మాత్రం, దాన్ని భరించేవాళ్లను అడగకుండా ఎవరూ తేల్చకూడదు.