రేపు రా అనని ఇల్లు

అనగా అనగా, రాజులు గుర్రాల మీదా మిగతావాళ్ళం కాళ్ళ మీదా తిరిగే రోజుల్లో, కొంగలపాడు అనే ఊరు ఉండేది. ఊరి చుట్టూ బురదమడుగులు. వాటి మధ్య ఒకటే కాలిబాట. పగలు ఆ బాట మీద పిల్లలు పరుగులు తీసేవారు. చీకటి పడితే పెద్దలు కూడా అడుగు పెట్టేవారు కాదు.

ఆ ఊరికి ఒక దయ్యం వచ్చేది. ఏడాదంతా కాదు. వానలు తగ్గి, మంచు మొదలై, ఆశ్వయుజ అమావాస్య దగ్గర పడుతోందనగా వచ్చేది. దీపాలు పెట్టే వేళకి వీధి చివర గాజుల గలగల వినిపించేది. తరవాత తలుపు మీద మూడు దెబ్బలు.

దానికి ఊరివాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారు. తలుపు తియ్యకుండా, లోపలి నుంచే, "రేపు రా" అనాలి. దయ్యం మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేది. చెప్పినట్టే మర్నాడు వచ్చేది. మళ్ళీ "రేపు రా" అనేవారు. అమావాస్య దాటేదాకా ఇదే తంతు.

దయ్యం ఎవరి గొంతుతోనైనా పిలుస్తుందని పెద్దలు చెప్పేవారు. అందుకని ఆ రోజుల్లో పొద్దుగూకాక ఎవరు తలుపు తట్టినా ఆ ఊళ్ళో జవాబు ఒకటే.

ఊరి చివర పాకలో దాలమ్మ ఉండేది. మొగుడు పోయాడు. పాక మీద గుమ్మడిపాదు, పాకలో చంద్రి అనే చిన్న కూతురు, ఇదే ఆమె సంసారం. అందరిలాగే ఆమె కూడా "రేపు రా" అనేది. ఊరి చివర ఇల్లు కదా, కాస్త గట్టిగానే అనేది.

ఒక ఏడు సరిగ్గా అమావాస్య నాడు చంద్రికి జ్వరం వచ్చింది. పొద్దున ఒళ్ళు వెచ్చబడింది. సాయంత్రానికి పెనంలా కాలిపోయింది. దీపం పెట్టే వేళకి పిల్ల కళ్ళు తేలేసింది. దాలమ్మ దాని నుదుటి మీద తడిగుడ్డ వేసి, వైద్యుడి ఇంటికి పరుగెత్తింది.

"అవధానయ్యగారూ, నేను దాలమ్మని. పిల్లకి బాగోలేదు, మీరొకసారి రావాలి."

లోపల గొంతు సవరించుకున్న చప్పుడు. "దాలమ్మ గొంతుతో వచ్చావా? రేపు రా."

దాలమ్మ ఊరి పెద్ద సన్యాసప్ప ఇంటికి పోయింది. ఆయన చెబితే వైద్యుడు కదులుతాడు.

"పెద్దయ్యా, నేను దయ్యాన్ని కాను. దాలమ్మని."

"దయ్యాలన్నీ అలాగే అంటాయి," అన్నాడు సన్యాసప్ప. "రేపు రా."

ఇక మిగిలింది సొంత అక్క ఇల్లు. దాలమ్మ తలుపు బాదింది. "అక్కా, నేనే. తియ్యవే."

"అయ్యో, అచ్చం మా చెల్లెలి గొంతే," అంది అక్క లోపల ఎవరితోనో. బయటికి మాత్రం, "పాపిష్టిదానా, రేపు రా," అంది.

దాలమ్మ ఇంటికి తిరిగి వచ్చింది. పిల్ల మూలుగుతోంది. తడిగుడ్డ అప్పుడే ఆరిపోయింది. ఇంకో గుడ్డ తడుపుతూ ఉండగా గాజులు గలగలమన్నాయి. తలుపు మీద మూడు దెబ్బలు.

అలవాటు కొద్దీ ఆ రెండు మాటలూ ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. ఆ మాటలు తలుపుకి బయట నిలబడి వింటే ఎలా ఉంటాయో ఆమె ఇప్పుడే విని వచ్చింది.

దాలమ్మ తలుపు తీసింది.

గుమ్మంలో ఒక ఆడమనిషి. చేతుల నిండా గాజులు. చీర అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. దాలమ్మకి భయం వేసింది. కాని ఇంట్లో జ్వరం ఉన్న తల్లికి భయపడే తీరిక తక్కువ.

"ఏం కావాలమ్మా?" అంది.

దయ్యం తల ఎత్తి చూసింది. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

"నిప్పు," అంది. "దీపం వెలిగించుకుంటాను. మడుగు దాటి ఇంటికి పోవాలి. మీ తాతల నాడు ఈ ఊళ్ళో గాజులు అమ్మడానికి వచ్చాను. పొద్దుపోయింది. ఒక ఇంట్లో నిప్పు అడిగితే రేపు రమ్మన్నారు. చీకట్లోనే బాట పట్టాను."

ఆ తరవాత ఏమైందో దాలమ్మ అడగలేదు. కారుతున్న నీళ్ళే చెబుతున్నాయి.

"ఎవరిల్లు అది?"

"ఇప్పుడెందుకులే."

"మరి ఇన్నేళ్ళుగా మమ్మల్ని ఎందుకు వదలవు?"

"మీరే కదా రేపు రమ్మంటున్నారు," అంది దయ్యం. "పిలిస్తే రానా?"

దాలమ్మ ప్రమిద వెలిగించి తెచ్చింది. గుమ్మం దాటగానే గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ ఆరింది. మూడోసారి, పొద్దున పులుసులోకి గుజ్జు తీసిన గుమ్మడికాయ డొల్లలో ప్రమిద పెట్టి మూత వేసింది. గాలాడక దీపం కొట్టుకుంది. చాకు తీసుకుని పైన రెండు కన్నాలు, కింద వెడల్పుగా ఒకటి కోసింది. దీపం నిలబడింది.

"ఇదేమిటి, మొహంలా ఉంది?" అంది దయ్యం.

"నిన్ను చూస్తూ కోశాను కదా," అంది దాలమ్మ.

దయ్యం నవ్వింది. అంతలో లోపల పిల్ల మూలిగింది.

"ఎవరది?"

"నా కూతురు. వైద్యుడు రేపు రమ్మన్నాడు."

బయలుదేరిన దయ్యం ఆగింది. "రేపా," అంది. "ఆయన ఇల్లు ఎక్కడ?"

ఇద్దరూ వెళ్ళారు. దయ్యం తలుపు మీద మూడు దెబ్బలు కొట్టింది.

"రేపు రా," అన్నాడు అవధానయ్య.

"తప్పకుండా వస్తాను," అంది దయ్యం. "ఎల్లుండి కూడా వస్తాను. ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి అలిసిపోయానయ్యా. ఇకనుంచి మిగతా ఇళ్ళు మానేసి నీ ఒక్కడి ఇంటికే వస్తాను. ఎండాకాలం, వానాకాలం కూడా."

లోపల మంచం కిర్రుమంది.

"నీకేం కావాలి?" అన్నాడు అవధానయ్య.

"నాకు కావలసింది దొరికింది. నువ్వు మందులసంచీ తీసుకుని దాలమ్మ వెంట వెళ్ళు."

"ఇప్పుడా?"

"రేపు వెళ్తావా?"

గడియ తీసిన చప్పుడైంది.

ముందు దాలమ్మ, మధ్యలో వైద్యుడు, వెనక దయ్యం. అవధానయ్య అంత వేగంగా నడవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు, తలుపులన్నీ వేసి ఉన్నాయి కాబట్టి.

భయస్థుడే కాని అవధానయ్య పని తెలిసిన వైద్యుడు. కషాయం కాచాడు, గుక్కగుక్కగా పట్టించాడు, పిల్ల పక్కనుంచి లేవలేదు. తెల్లవారబోతుండగా చంద్రికి చెమట పట్టింది. ఒళ్ళు చల్లబడింది. కళ్ళు తెరిచి, "పులుసు మిగిలిందా?" అంది.

దాలమ్మ గోడకి చేరగిలబడి, నిన్నటి నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది.

తీసి ఉన్న తలుపులోంచి బాట కనిపిస్తోంది. మడుగుకి అవతల ఒడ్డున గుమ్మడికాయ దీపం మినుకుమినుకుమంటూ మంచులో కలిసిపోయింది. ఆ తరవాత కొంగలపాడులో గాజుల దయ్యం మాట వినపడలేదు.

తెల్లవారాక సంగతి తెలిసి అక్క ఏడుస్తూ వచ్చింది. "అచ్చం నీ గొంతులాగే ఉందే," అంది.

"నాదే కదా అక్కా," అంది దాలమ్మ. పులుసు వెచ్చబెట్టి అక్కకి కూడా ఒక గిన్నె పోసింది.

మరుసటి ఏడు నుంచి ఆశ్వయుజ అమావాస్య నాడు ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ కళ్ళూ నోరూ కోసిన గుమ్మడికాయ దీపం వెలిగేది, బాట మీద పోయేవాళ్ళకి వెలుతురు ఉండాలని. పిల్లలు మొహాలకి మసి పూసుకుని, గాజులు గలగలలాడిస్తూ ఇంటింటి తలుపూ తట్టేవారు. ఇంటివాళ్ళు వెంటనే తలుపు తీసి, "ఏం కావాలమ్మా?" అని అడిగి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఉన్నవాళ్ళు నువ్వుండ పెట్టేవారు, లేనివాళ్ళు బెల్లంముక్క. "రేపు రా" అన్న ఇంటి అరుగు మీద పిల్లలు తిష్ఠ వేసి, తెల్లవార్లూ గాజులు మోగించేవారు. అవధానయ్య మాత్రం సాయంత్రం కాకముందే తలుపు తీసి, నువ్వుండల డబ్బాతో గుమ్మంలో కూర్చునేవాడు.

సాయాన్ని రేపటికి వాయిదా వేస్తే అది దయ్యమై మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది. ఈ రోజే చేస్తే, అడిగినవారి కష్టంతో పాటు మన భయమూ ఈ రోజే తీరిపోతుంది.